ఎడమకు బిగిసే రింగు

నేను ఒక పందెపు సైకిల్‌ని. పాలక్యాన్లు మోసే రకం కాదు, పిల్లల్ని బడికి దింపే రకం అంతకన్నా కాదు. గుండ్రటి సిమెంటు ట్రాకు మీద, ఏటవాలు గోడను కరుచుకుని దూసుకుపోవడానికి పుట్టినదాన్ని. నాకు బ్రేకులు లేవు, బెల్లు లేదు, స్టాండు లేదు. ముఖ్యంగా ఫ్రీవీలు లేదు. మీ సైకిళ్ళ మీద కాసేపు తొక్కి, కాళ్ళు ఆపేసి, గాలికి పోతూ పాట పాడుకుంటారు చూడండి, ఆ వేషాలు నా దగ్గర కుదరవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, వాటితో పాటు మీ కాళ్ళూ తిరగాల్సిందే. వేగం తగ్గాలంటే కాళ్ళతోనే వెనక్కి అదిమి పట్టాలి. ఈ మాట గుర్తుంచుకోండి, నా బతుకంతా దీని మీదే నడిచింది.

ఇంగ్లండులో ఒక చిన్న కార్ఖానాలో ఇత్తడి కరిగించి పోసి నా ఉక్కు గొట్టాలను అతికారు. ఓడెక్కి బొంబాయిలో దిగి, రైలెక్కి హైదరాబాదు చేరాను. నన్ను తెప్పించుకున్నది ఒక జాగీర్దారు గారి అబ్బాయి. మొదటి రోజే షేర్వానీ వేసుకుని నా మీద ఎక్కాడు. గేటు దగ్గర ఎవరో పెద్దమనిషి ఎదురైతే కాళ్ళు ఆపి సలాం చేయబోయాడు. నేను ఆగుతానా? తీసుకెళ్ళి క్రోటన్ కుండీల మధ్య పడేశాను. ఈ సైకిల్‌కు పిచ్చెక్కిందని తేల్చి, ఆ సాయంత్రమే నన్ను సైకిల్ క్లబ్బుకు దానం చేసి, పాలరాతి పలక మీద దాతగా పేరు చెక్కించుకున్నాడు. మనుషులు తమవల్ల కాని పనిని దానం చేయడంలో దిట్టలు.

క్లబ్బులో చాలామంది నన్ను ఎక్కారు, దిగారు. నన్ను తెలుసుకుని తొక్కింది మాత్రం శశికళ ఒక్కతే. మిల్లు కార్మికుడి కూతురు, అప్పటికి పందొమ్మిదేళ్ళు. రెండు జడలు మడిచి కట్టి, అన్న చొక్కా వేసుకుని వచ్చేది. నన్ను లొంగదీసుకోవాలని చూడలేదు, నాతో పాటు తిరిగింది. నా సీటు కింది గొట్టం మీద పిన్నీసుతో 'శ' అని గీసుకుంది. ఆ గీత పడినప్పుడు నొప్పి పుట్టలేదు సరికదా, గర్వంగా అనిపించింది.

ఆ ఏడాది రాష్ట్ర పోటీల ఫైనలు దసరా మర్నాడు పడింది. క్లబ్బు మెకానిక్ సాయిలు, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. ఆయుధ పూజ కోసం క్లబ్బులోని సైకిళ్ళన్నీ విప్పి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మళ్ళీ బిగించడం అతని పని. నా వెనక చక్రానికి ఒక పళ్ళ చక్రం ఉంటుంది. అది కుడికి తిప్పితే బిగుస్తుంది. వెనక్కి అదిమినప్పుడు ఊడిపోకుండా దాని పైన ఒక రింగు కాపలా ఉంటుంది. ఆ రింగు మర మాత్రం తిరకాసు. ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది, కుడికి తిప్పితే వదులవుతుంది. సాయిలుకు ఇది తెలియక కాదు. కానీ పూజారి కొబ్బరికాయ పట్టుకుని తొందరపెడుతున్నాడు, ఇంకా పది సైకిళ్ళు వరసలో ఉన్నాయి. రింగును వేళ్ళతో ఎడమకే ఎక్కించాడు. ఆఖరి బిగింపుకు రింగు అంచు గాటులో పంచి, అంటే మొద్దు ఉలి లాంటి ఉక్కు ముక్క, ఆనించి సుత్తితో కొట్టేటప్పుడు మాత్రం, పొద్దుట్నుంచి నలభై మామూలు సైకిళ్ళకు కుడికే కొట్టిన చెయ్యి కదా, అలవాటుగా కుడివైపుకు కొట్టింది. నాలుగు దెబ్బలు. ఆ వెంటనే గంధం, కుంకుమ, బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ. పైకి నేను అమ్మవారిలా వెలిగిపోతున్నాను. లోపల నా రింగు ఆఖరి మర మీద వేలాడుతోంది.

మర్నాడు ఫైనల్లో ఇద్దరే. మొదటి రౌండు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నెమ్మదిగా తిరిగారు. రెండో రౌండులో, తూర్పు మలుపు పైఅంచున, ముందున్న అమ్మాయి ఉన్నట్టుండి వేగం తగ్గించింది. శశికళ కూడా తగ్గించడానికి వెనక్కి అదిమింది. పళ్ళ చక్రం జారింది. ఆమె కాళ్ళకు ఒక్కసారిగా నా బలం అందలేదు, మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే లేనట్టు. ఇద్దరం గోడ మీద నుంచి జారి కిందికి పడ్డాం. ఆమె మెడ కింది ఎముక విరిగింది.

ఒక అధికారి వచ్చి నన్ను ఎత్తి నిలబెట్టి పెడల్ తిప్పాడు. ముందుకు తిప్పాడు. ముందుకు తిప్పితే పళ్ళ చక్రం తిరిగి బిగుసుకుపోతుంది కదా, చక్రం చక్కగా తిరిగింది. వెనక్కి తిప్పవయ్యా మహానుభావా, ఒక్కసారి వెనక్కి తిప్పు అని నా గొట్టాలన్నీ మొత్తుకున్నాయి. ఆయన సైకిల్ భేషుగ్గా ఉందన్నాడు. పోటీదారు భయపడి పట్టు వదిలేసిందని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నాకు నోరుంటే ఆ కాగితాన్ని నమిలి ఉమ్మేసేదాన్ని.

శశికళ మళ్ళీ సైకిల్ ఎక్కలేదు. తపాలా శాఖలో ఉద్యోగం చూసుకుంది. రోడ్డు దాటడానికి ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, ట్రాకు మీదే భయపడిన మనిషి అని ఇంట్లోవాళ్ళు నవ్వేవారట. కొన్నాళ్ళకు క్లబ్బు మూతపడింది. నన్ను పాత ఇనుము కింద అమ్మేస్తే, కత్తులకు సాన పట్టే ఒకాయన కొనుక్కుని, వెనక చక్రం పైకి లేపి కట్టి, దానికి బెల్టు తగిలించి సానరాయి తిప్పించాడు. ఎన్నో ఏళ్ళు ఉన్నచోటనే పరుగెత్తాను. అదీ ముందుకే. గాలితో పందెం వేసినదాన్ని, ఉల్లిపాయల కత్తులకు పదును పెట్టాను. ఏడవలేదు. తిరిగినన్నాళ్ళూ చావలేదన్నమాటే అనుకున్నాను.

ఒక ఉదయం ఒకావిడ కత్తిపీట పట్టుకుని గేటు బయటికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నా సీటు కింది గొట్టం మీద ఆమె చూపు ఆగింది. కత్తిపీట కింద పెట్టి, తుప్పు మీద బొటనవేలితో రుద్దింది. 'శ' బయటపడింది. ఆ పూటే సానాయనకు మంచి స్టాండు ఉన్న కొత్త సైకిల్ కొనిచ్చి నన్ను తీసుకుంది. ఆవిడకు మతి చలించిందని ఆయన జాలిపడుతూ వెళ్ళాడు.

క్లబ్బు పోయాక సాయిలు సికింద్రాబాదు సందులో సైకిల్ షాపు పెట్టుకున్నాడు, తిన్నగా అక్కడికి నడిపించుకెళ్ళింది. అతనికిప్పుడు కళ్ళజోడు, దానికి దారం. తనకు కావలసింది ఒక్కటేనని చెప్పింది. నన్ను తొక్కే స్థితికి తెస్తే, తను పడిపోయిన ఆ తూర్పు మలుపును ఒక్కసారి పడకుండా దాటాలి. తను నిజంగానే భయపడి పడిందేమోనన్న మాట ఇన్నేళ్ళయినా తనను వదల్లేదట. ఆమె తమ్ముడు వచ్చి, యాభై ఎనిమిదేళ్ళకు ఇదేం సరదా, కనీసం బ్రేకులైనా వేయించమన్నాడు, లేకపోతే పూలకుండీలు పెట్టి హాల్లో అలంకారంగా ఉంచమన్నాడు. పూలకుండీలట, నా మీద! నేను కోపంతో కుతకుతలాడాను. ఆమె ఒక్క మాటే అంది.

“బ్రేకేస్తే ఇది ఇది కాదు.”

సాయిలు నెల రోజులు నా మీద పనిచేశాడు. తుప్పు గీకాడు, వంగిన ఫోర్కు సరిచేశాడు, ఒక్కొక్క స్పోకు పుల్లా మార్చి చక్రం వంకర తీశాడు. చివరికి వెనక చక్రం దగ్గరికి వచ్చాడు. సానపొడి, గ్రీజు కలిసి గట్టిపడిన ముద్దను గీకితే అడుగున ఎర్రగా కుంకుమ కనిపించింది. రింగు వేలితో ముట్టుకోగానే కదిలింది. దాన్ని తీసి వెలుతురులో పట్టుకున్నాడు. అంచు గాట్ల మీద నాలుగు పంచి దెబ్బలు, నాలుగూ కుడివైపుకే. అతనికి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. రింగును తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

కొత్త రింగు వేసేస్తే సరిపోతుంది, పాతది మోరీలో పడేస్తే అడిగేవాడు లేడు. రెండు రోజులు అది అతని చొక్కా జేబులోనే ఉంది. ఆ రెండు రోజులూ నన్ను ముట్టుకోలేదు, నా వంక చూడలేదు. నేను మాత్రం అతన్నే చూశాను. చెప్పు సాయిలూ, నువ్వు చెప్పకపోతే ఆమె చచ్చేదాకా పిరికిదే అని లోపల్లోపల తిడుతూనే ఉన్నాను. మూడో రోజు అతనే కబురు చేశాడు. ఆమె రాగానే జేబులోంచి రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

“చెల్లె, ఆ దినం నువ్వు భయపడలె. పూజకు బిగించేటప్పుడు ఈ రింగు నేనే తప్పు దిక్కు కొట్టిన. ఇగో, దెబ్బలు సూడు, అన్నీ కుడికే ఉన్నయి.”

ఆమె ఆ నాలుగు దెబ్బలనూ ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

“లోకం అన్నదంటే అన్నది, సాయిలన్నా. నలబై ఏండ్ల సంది నేను సుత నమ్మిన.”

అతను క్షమించమని అడిగాడు. ఆమె వెంటనే క్షమించలేదు, నాకు అది నచ్చింది.

“నీ మీద కోపమున్నది. చానా ఉన్నది. కానీ రింగు నువ్వే బిగించాలె, నేను సూస్తుండాలె. కొత్తది వద్దు, ఇదే.”

దెబ్బ తిన్నది రింగు అంచే కానీ మర కాదు. సాయిలు దాని గాటులో పంచి ఆనించాడు, ఎడమవైపుకు కొట్టాడు, గట్టిగా. ఆమె పెడల్ పట్టుకుని వెనక్కి తిప్పింది. ఏ అధికారికీ తట్టని ఆ పని ఆమె చేత్తో చేసి చూసుకుంది. చక్రం కూడా వెనక్కి తిరిగింది.

అదే ట్రాకు. పగుళ్ళలో గడ్డి మొలిచింది. కంచె దగ్గర తమ్ముడు గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, పక్కన సాయిలు. ఆమె మోకాళ్ళు కరకరలాడాయి, నా బేరింగులూ అంతే. మొదటి రౌండు ఇద్దరం ముసలివాళ్ళమే. రెండో రౌండుకు ఆమె వీపు వంగింది, చేతులు కింది హ్యాండిల్‌కు దిగాయి. తూర్పు మలుపు వచ్చింది. ఆమె దాటి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. సరిగ్గా ఆ చోట, పైఅంచున, వెనక్కి అదిమింది. రింగు పట్టింది. పళ్ళ చక్రం పట్టింది. వేగం తగ్గింది, ఇంకా తగ్గింది. గోడ మీద ఇద్దరం ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాం.

అక్కడ నన్ను ఆపింది శశికళ. మళ్ళీ తొక్కింది కూడా ఆమే.