ఊపిరితిత్తికి క్యారియరు

అనాటమీలో నేను రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఊపిరితిత్తుల దగ్గరే.

మొదటిసారి వైవాలో, ధమని అన్నాక మంచి రక్తమే మోస్తుందని గుడ్డి ధైర్యంతో చెప్పేశాను. ఒళ్ళంతా అదే పద్ధతి. కానీ గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే పల్మనరీ ఆర్టరీకి ఆ పద్ధతి పట్టదు, అది మోసేది చెడు రక్తం. అక్కడ గాలి తగిలి బాగుపడిన రక్తాన్ని సిరలు వెనక్కి తెస్తాయి. రెండోసారి ఇదంతా గడగడా అప్పజెప్పి, ఆ సిరలు రెండన్నాను. నాలుగట. దేవుడు నా మీద పగబట్టే మిగతా రెండూ పెట్టాడు.

"ఈసారి తప్పితే ఇంక చదువు చాలు దేవనాథా. వచ్చి నా పక్కన నిలబడి సాంబారు కలుపుదువులే," అన్నాడు నాయన. మా నాయన శఠగోపం తిరుపతిలో ఒక యాత్రికుల సత్రంలో వంట చేస్తాడు, రోజుకు వెయ్యిమందికి. ఉత్త బెదిరింపు కాదు. నా కోసం గరిటె కూడా చూసిపెట్టాడు.

డెబ్బై తొమ్మిది మార్చిలో మూడోసారి పరీక్షకు కూర్చున్నాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు డాక్టర్ జయరావు. తిరుపతిలో పరీక్షలంటే వీళ్ళు ఎగిరి గంతేసి వస్తారు. పొద్దున దర్శనం, మధ్యాహ్నం మమ్మల్ని ఫెయిలు చేయడం. ఆయన నుదుట నామం ఇంకా ఆరలేదు. ముందున్న ట్రేలో ఫార్మలిన్ కంపు కొడుతూ ఒక ఊపిరితిత్తి.

ఆర్టరీ అడిగాడు, చెప్పాను. సిరలు అడిగాడు, "నాలుగు సార్!" అని అరిచాను. అప్పుడాయన పట్టకారుతో దారప్పోగంత నాళాన్ని ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది బ్రాంకియల్ ఆర్టరీ. గుండె నుంచి ఒళ్ళంతటికీ మంచి రక్తం పంపే అయోర్టా నుంచి వచ్చింది. ఒంట్లో రక్తమంతా ఊపిరితిత్తికే వచ్చి పోతాంటే, దీనికి మళ్ళా వేరే రక్తం ఎందుకప్పా?"

ఆ పేజీ నేను చదవలేదు. కళ్ళ ముందు సాంబారు అండా కనబడింది. అండా పక్కన నాయన. నాయన పక్కన ఆయన క్యారియరు.

"మా నాయన వెయ్యిమందికి వండుతాడు సార్. దాంట్లో మెతుకు ముట్టడు. ఆచారం. మా అమ్మ మడితో వండిందే తినాల. ఇంటినుంచి క్యారియరు పోతాది. ఊపిరితిత్తీ అంతే సార్. పల్మనరీ ఆర్టరీలో వచ్చేది ఊరందరి కోసం బాగుచేసి పంపాల్సిన రక్తం. దాని గాలి గొట్టాలకు కావలసిన తిండి ఈ చిన్నదాంట్లో వేరేగా వస్తాది."

జయరావు పట్టకారు దించాడు. "మరి తిన్నాక ఆ ఎంగిలి క్యారియరు యాడికి పోతాది?"

ఇక ఆగే స్థితిలో లేను. సిరల పేజీ మాత్రం బట్టీ పట్టిందే. "కొంచెం వేరే సిరల్లో పోతాది సార్. మిగిలింది పల్మనరీ సిరల్లోకే పోయి మంచి రక్తంలో కలుస్తాది. మా నాయనా అంతే. ఎంగిలి క్యారియరు సత్రం గిన్నెల్లో పడేస్తాడు, అన్నీ కలిపి తోమేస్తారు. మా అమ్మకు తెలీదు సార్."

ఆయన నామం చెదిరేదాకా నవ్వాడు. "పోప్పా, పాసైనావు," అన్నాడు.

ఇంటికి పరుగెత్తి, వసారాలో కూర్చున్న నాయనకు అంతా చెప్పాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్లుగా వండుతాండా. ఉప్పు చాల్లేదన్నోళ్ళే గానీ, నువ్వేం తింటావని ఒక్కడూ అడగలా," అన్నాడు. నేనూ ఏనాడూ అడగలేదని సిగ్గేసింది.

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"దేవనాథా," అంది అమ్మ, "క్యారియరు యాడ తోముతాండారంటివి?"

నాయన నా వైపు చూసిన చూపు ఏ వైవాలోనూ ఎదురుకాలేదు.

మర్నాటి నుంచి, కాలేజీలో మధ్యాహ్నం గంట కొట్టగానే నేను సత్రానికి పోవాలి. క్యారియరు విడిగా తోమి తేవాలి. మడితో.