ట్యాంకు మూత

ఇదిగో మళ్ళీ ఆగింది, నాలుగు నిమిషాలు చక్కగా తిరిగి ఐదో నిమిషంలో దగ్గి, వణికి, చచ్చింది, ఏం రోగమే నీకు అని బానెట్ మీద ఒక్కటి చరిచాడు మెకానిక్, చరిచి ఎవరైనా విన్నారేమోనని షెడ్డు గుమ్మం వైపు చూశాడు, ఎవరున్నారు గనక వినడానికి, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పిల్లి కూడా లేదు, గోడవార రెండు స్టూళ్ళు, ఒకదాని మీద తను కూర్చుంటాడు, రెండోదాని మీద పదకొండేళ్ళుగా స్పానర్ల డబ్బా కూర్చుంటోంది, ఆ స్టూలు అన్నయ్యది, ఈ కారూ అన్నయ్యదే, మొన్న వదిన నడుపుకుంటూ తెచ్చింది, దారిలో మూడుసార్లు ఆగిందయ్యా, మీ అన్నయ్య నీకే చూపించమన్నారు, కంగారేం లేదట, నిదానంగా చూడమన్నారు అంది, ఇంకేమైనా అన్నాడా అని అడగబోయి, ప్లగ్గులెప్పుడు మార్చారు వదినా అని అడిగాడు, ఛీ, పదకొండేళ్ళ తర్వాత గడప తొక్కిన మనిషిని అడగవలసిన మాటేనా అది, మంచినీళ్ళైనా ఇచ్చాడో లేదో గుర్తు లేదు.

పరీక్ష పెడుతున్నాడు, అంతే, అన్నయ్యకి తెలియని రోగమా ఇది, తన చేత మొదటి స్పానర్ పట్టించినవాడు, వీధి చివర శబ్దం విని ఏ బండికి ఏం పోయిందో చెప్పగలిగినవాడు, వీడికి పని ఇంకా వచ్చో పోయిందో చూద్దాం అనుకున్నాడు, మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా, సరే కానీ, ప్లగ్గులు విప్పాడు, పొడిగా తెల్లగా ఉన్నాయి, పెట్రోలు అందడం లేదన్నమాట, ఫిల్టరు ఊదాడు, శుభ్రంగా ఉంది, పంపు విప్పి బిగించాడు, బాగానే కొడుతోంది, కార్బురేటరు కూడా విప్పి కడిగాడు, అది మచ్చలేని మనిషిలా ఉంది, మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే, ఐదో నిమిషంలో చావడం, కాసేపు పడుకోబెడితే లేవడం, మూడు రోజులుగా బండి ముందు భాగమంతా తవ్వేశాడు కానీ వెనక్కి ఒక్క అడుగు వెయ్యలేదు, ఎందుకు వెయ్యలేదో తెలుసు, తెలియనట్టు నటిస్తున్నాడు, చూసేవాళ్ళెవరూ లేని షెడ్డులో ఎవరి కోసమో ఈ నటన.

వెళ్ళాడు చివరికి, మూత తిప్పగానే ట్యాంకు హుస్సుమని గాలి మింగింది, అబ్బా, ఆ శబ్దం, సరిగ్గా అదే, ఆ రోజు లెక్కల మాస్టారి కారుకీ ఇదే రోగం, అన్నయ్య పొద్దుటి నుంచీ కార్బురేటరు విప్పి ముక్కలన్నీ గుడ్డ మీద పరుచుకుని కూర్చున్నాడు, నలుగురు కస్టమర్లు చూస్తున్నారు, తను మూత తీసి ఆ హుస్సు వినిపించి, ఈ మూతకున్న గాలి చిల్లు పూడిపోయిందన్నయ్యా, ట్యాంకులోకి గాలి పోతే కదా పెట్రోలు కదిలేది, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావేంటి అన్నాడు, అందరూ నవ్వారు, అన్నయ్య కూడా నవ్వబోయాడు, నవ్వు సగంలోనే ఆగింది, చేతులు తుడుచుకుని, అయితే ఇక నువ్వే చూసుకోరా అని వెళ్ళిపోయాడు, సాయంత్రానికి వస్తాడులే అనుకున్నాడు తను, రాలేదు, తప్పు చేసుంటే కాళ్ళు పట్టుకునేవాడు, ఒప్పు చెప్పినవాడు ఏమని క్షమించమంటాడు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట, ఊరిదాకా ఎందుకు, షెడ్డు మిగిలేది.

మూతని వెలుతురుకి పట్టుకున్నాడు, చిల్లులో తెల్లగా ఏదో, అంచున గోరుతో గీకాడు, సబ్బు, సబ్బేంటి ఇక్కడ, ట్యాంకు కారితే సబ్బు మెత్తి ఆపే చిట్కా నేర్పింది అన్నయ్యే, కానీ మూతలో కారేదేముంది, తెలిసినవాడెవడూ అక్కడ సబ్బు పెట్టడు, ఎండి కూడా లేదు, పైన బొటనవేలి ముద్ర అలాగే ఉంది, వేలు పెట్టి నొక్కి, నీకే చూపించమని చెప్పి పంపాడు, అయ్యో అన్నయ్యా, ఆ రోజు నువ్వే కరెక్టురా అనడానికి నోరు రాక ఇంత పని చేశావా, బంగారంలాంటి బండిని పాడుచేసుకున్నావా, కళ్ళు చెమర్చాయి, తుడుచుకోబోతే చేతినిండా గ్రీజు.

ఫోను అన్నయ్యే ఎత్తాడు, ఊఁ, దొరికిందా అన్నాడు, గొంతు ముసలిదైపోయింది, మూత అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు, నాకు అంతు చిక్కడం లేదన్నయ్యా, కార్బురేటరేమో అనిపిస్తోంది, నువ్వొచ్చి చూస్తే తప్ప లాభం లేదు అన్నాడు, కార్బురేటరే అయ్యుంటుందిలే, ముట్టుకోకు, వస్తున్నా అన్నాడు అన్నయ్య, సరే అన్నాడు తను, గీకిన సబ్బుని మళ్ళీ చిల్లులోకి నొక్కి మూత బిగించాడు, పదకొండేళ్ళ కిందట తన మాట నెగ్గింది, నెగ్గిన ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్క పూట కూడా అన్నం దగ్గర తనకి తోడు కూర్చోలేదు.