జాడీలో ఊపిరి

శనివారం మధ్యాహ్నం భోజనం ముగిశాక జగదీష్ గారు బీరు కాస్తారన్నది ఆ వీధిలో అందరూ ఎరిగిన సంగతే. పోర్ట్ క్లాంగ్ రేవు గోదాముల్లో సరుకుల లెక్కలు చూసి విశ్రాంతి పుచ్చుకున్న మనిషి. చేతులను ఊరికే ఉంచడం ఆయనకు చేతకాదు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, మాల్ట్ కలిపి, చేదు కోసం హాప్స్ వేసి, చల్లారాక గాజు జాడీలోకి వంచి, పైన ఈస్ట్ చల్లి మూత బిగించేవారు. మూత మీద నీళ్లు పోసిన చిన్న వంకర గొట్టం ఉండేది. లోపల పులియడం మొదలయ్యాక పుట్టిన గాలి ఆ నీళ్లలోంచి బుడుక్కుమని బయటికి వచ్చేది. అక్కడి ఎండకు సరుకు పాడవకుండా జాడీకి తడి తువ్వాలు చుట్టి, చుట్టూ ఐసు ముక్కలు పేర్చి, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవారు.

ఆ బుడగలు ఎవరో ఒకరి ఊపిరితో సమంగా నడిచేవి. ఈస్ట్ చల్లే వేళకు జాడీ మూతి మీద ఎవరి ఊపిరి పడితే, సరుకు సీసాల్లోకి దిగేదాకా జాడీ వారి ఊపిరే ఊదేది. వానకు కరెంటు పోవడాన్ని ఎంత మామూలుగా తీసుకుంటారో, వీధివారు దీన్నీ అంత మామూలుగానే తీసుకున్నారు. మొదటిసారి పక్కింటి అప్పలసామి, "ఏటి బావా, కుడితి వాసనొస్తంది," అంటూ లోపలికి తొంగిచూశాడు. ఇక అతడు మార్కెట్టు మెట్లెక్కితే ఇక్కడ జాడీ ఆయాసపడేది. అతని భార్య అచ్చమ్మ స్టూలు తెచ్చుకుని జాడీ పక్కనే కూర్చునేది. జాడీ దగ్గగానే, కాఫీకొట్టు వెనక మొగుడు సిగరెట్టు ముట్టించాడని గ్రహించి, ఫోను చేసి చీవాట్లు పెట్టేది. బీరు సీసాల్లోకి దిగిన రోజున అప్పలసామికి జైలునుంచి విడుదలైనంత సంబరం కలిగింది.

జగదీష్ గారి భార్య విజయరాణి ఇవన్నీ చూసి నవ్వుకునేది. ఆ నవ్వు ఈసారి సరుకుతో పోయింది.

ఆ శనివారం ఆమె తన అక్క జయమణి సంవత్సరీకానికి సుంగై సుమున్ ఊరికి బయలుదేరింది. జయమణి మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద నడుం వాల్చి, మరి లేవలేదు. ఎవరినీ కష్టపెట్టకుండా నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు అని చుట్టాలంతా అన్నారు. జగదీష్ గారు మాత్రం ఆ మాట అనలేదు. బయలుదేరబోతూ విజయరాణి వంటింట్లోకి తొంగిచూస్తే, భర్త ఈస్ట్ పొట్లం విప్పుతున్నారు. పొయ్యి మీద మాల్ట్ పాకం కారి అట్టకట్టి ఉంది. ఆమె జాడీ మీదికి వంగి, ఒక్కొక్క మరకనూ వేలితో చూపిస్తూ, తాను తిరిగివచ్చేసరికి వంటిల్లు అద్దంలా ఉండాలని తీరిగ్గా చీవాట్లు పెట్టి, వెళ్లి కారెక్కింది.

మర్నాడు వచ్చేసరికి జాడీ ఊపిరి తీస్తోంది. మెత్తని ఊపిరి. చివర చిన్న ఈల. ఆడమనిషిదని ఆమెకు వెంటనే తోచింది.

"ఎవరిదండీ ఇది?" అని అడిగింది.

"తెలీదు రాణీ. చూడాల," అన్నారాయన.

ఆ రోజు ఆయనకు నిజంగానే తెలియదని ఆమె నమ్మింది. మరుసటి వారాంతం మళ్లీ అడిగితే, ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. తెలియనివాడు అలా తుడుచుకోడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కళ్లద్దాల భాష ఆమెకు బాగా పట్టుబడింది.

అక్కడినుంచి ఇంట్లో ప్రతిదీ ఆమె కంటికి వంకరగానే కనిపించింది. వెనక వంటింట్లో వేడిగా ఉందంటూ ఆయన జాడీని పడకగది బయట నడవలోకి మార్చారు. హాల్లోని పేము కుర్చీని దాని పక్కకు లాగారు. శని, ఆదివారాల్లో ఆమె కాసేపు కునుకు తీయబోతే, ఆయన టీవీ కట్టేసి ఆ కుర్చీలో చేరేవారు. చేతిలో పత్రిక ఉండేది గాని, పుట తిరిగిన చప్పుడు వినపడేది కాదు. పైగా ఆమె నిద్ర పట్టీ పట్టకముందే వచ్చి, భుజం తట్టి, "కోపి తాగు," అని లేపేవారు. ఆ ఊళ్లో కాఫీని అలాగే అంటారు. ఆ కోపి ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది. పడుకున్న భార్యను చల్లని కోపి కోసం లేపే మగవాడు, నిజంగా పడుకుందో లేదో చూడడానికే లేపుతాడని ఆమె తీర్మానించుకుంది.

అన్నిటికన్నా పెద్ద నేరం, ఆయన ఆ బీరును సీసాల్లోకి దింపకపోవడం. సరుకు ఎప్పుడో తయారైంది. అప్పలసామి ఖాళీ సీసాలు కడిగి తెచ్చి, గుమ్మంలో వరసగా పెట్టి వెళ్లాడు. అయినా ఆయన ఇంకా కుదురుకోలేదంటూ వారం వారం గులా మెలాకా తాటిబెల్లం కరిగించి జాడీలో పోసి, బుడగలు ఆగకుండా చూసేవారు. ఎవరో ఒక ఆడదాని ఊపిరిని బెల్లం పోసి పోషిస్తున్నారు తన భర్త!

దాన్ని పట్టుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించింది. ఆయన స్నానానికి వెళ్లగానే పిల్లిలా నడిచి వెళ్లి, ఊపిరి బిగబట్టి జాడీకి చెవి ఆనించేది. వెంటనే జాడీ మౌనం వహించేది. విసుగుపుట్టి నిట్టూర్చి వెనుదిరగగానే మళ్లీ బుడుక్కుమనేది. తనను చూసి దాక్కుంటోందంటే, తాను ఎరిగిన మనిషే అయివుండాలి.

తాను సంవత్సరీకానికి వెళ్లిన ఆ శనివారం లోగేశ్వరి ఏదో పొట్లం ఇచ్చి వెళ్లిందని అచ్చమ్మ అంతకుముందే చెవిలో వేసింది. కేకుల సామాను అమ్మే కొట్టు ఆమెది. జగదీష్ గారికి మాల్ట్, ఈస్ట్ తెప్పించి ఇచ్చేది ఆమే. విజయరాణి ఎండుద్రాక్ష కొనే మిషతో ఆ కొట్టుకు వెళ్లి, అవసరమైన దానికన్నా దగ్గరగా నిలబడింది. లోగేశ్వరి తమిళమూ తెలుగూ కలిపి, మాట చివర ఆ ఊరి 'లా' తగిలించి, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి. ఆ మాటల మధ్య ఊపిరి ఎక్కడ తీస్తుందో పోల్చుకోవడమే కష్టమైంది.

"వాంగ అక్కా. అణ్ణే బాగున్నారా? వారం వారం గులా మెలాకా కొంటారు లా. ఇంత తీపి ఎందుకు అణ్ణే, షుగర్ వస్తుంది అన్నాను. ఆగిపోకూడదు లోగా, అది ఆగితే నాకు నిద్ర పట్టదు అన్నారు."

విజయరాణి చేతిలోని ఎండుద్రాక్ష పొట్లం నలిగింది. లోగేశ్వరి ఊపిరిలో ఈల ఉందో లేదో తేల్చుకోకుండానే ఆమె ఇంటికి వచ్చేసింది.

గేటు తీస్తుండగా, లోపల ఆయన ఫోనులో లోగొంతుకతో మాట్లాడడం వినిపించింది. "లేదు, ఆవిడకి ఇంకా సెప్పనేదు. సెప్తే ఒప్పుకోదు. మంగళవారం ఎలాగో తీసుకొస్తాను." ఆమెను చూడగానే ఫోను జేబులోకి వెళ్లింది. కళ్లద్దాలు చేతిలోకి వచ్చాయి. ఆమె నేరుగా పడకగదిలోకి నడిచింది. సుంగై పెటానిలో తమ్ముడి ఇల్లుంది. మంగళవారం ఆయన వెళ్లేచోటికి ఆయన వెళ్తే, తాను అటు బస్సెక్కుతుంది. పెట్టె దింపి, మంచం మీద తెరిచిపెట్టింది.

మరునాడు ఆదివారం మధ్యాహ్నం ఆయన ఐసు కొనడానికి వెళ్లగానే వాన పట్టుకుంది. పెరట్లో బట్టలు. విజయరాణి పరుగెత్తి, అన్నిటినీ చంకలో కుక్కుకుని, రొప్పుతూ నడవలోకి వచ్చేసరికి జాడీ కూడా రొప్పుతోంది.

'నువ్వూ వానలో పరుగెడుతున్నావా?' అనుకుంది కసిగా. 'అయితే ఈ చుట్టుపక్కలే ఉన్నావన్నమాట.'

బట్టలు కింద పడేసి జాడీ ముందు కూర్చుంది. ఈసారి అది మాట్లాడేదాకా లేవకూడదని నిశ్చయించుకుంది. తడిసిన తలకు ఒక్కసారిగా తుమ్ము వచ్చింది. అదే క్షణంలో మూత మీది గొట్టంలోంచి నీళ్లు చివ్వున ఎగిసి ఆమె ముఖాన పడ్డాయి.

ఆమె ముఖం తుడుచుకోలేదు. రెండు వేళ్లతో ముక్కు మూసి, పెదవులు బిగించింది. జాడీ ఆగింది. వదిలింది. బుడుక్కుమంది. మళ్లీ మూసింది. మళ్లీ ఆగింది. ఊళ్లో ఆడవాళ్లందరినీ ఒక్కొక్కరినే అనుమానించిన ఆమెకు, ఆ శనివారం జాడీ మీదికి వంగి చీవాట్లు పెట్టిన ఆడమనిషి ఇప్పుడు గుర్తుకు వచ్చింది.

లేచి పేము కుర్చీలో కూర్చుంది. అక్కడినుంచి చూస్తే ఒక పక్క జాడీ, మరో పక్క తెరిచిన తలుపులోంచి మంచం, మంచం మీద ఆమె తల ఆనించుకునే దిండు. కుర్చీ పక్క గట్టు మీద, మూత పెట్టిన కప్పులో చల్లారిన కోపి సిద్ధంగా ఉంది.

జగదీష్ గారు ఐసు సంచితో లోపలికి వచ్చి, కుర్చీలో ఆమెనూ, మంచం మీద పెట్టెనూ చూసి ఆగిపోయారు.

"నేను పడుకుంటే ఇది ఆగుతాదా?" అని ఆమె అడిగింది.

ఆయన సంచి కింద పెట్టారు. "ఆగుతాది."

"ఎంతసేపు?"

"కొన్నిసార్లు దానికదే మొదలవుతాది. కొన్నిసార్లు నాను లేచొచ్చి నీ భుజం తట్టేదాకా మొదలవదు."

"అయితే ఆ కోపి..."

"వేడిది కలిపే టైం ఉండదు కదా లా. ముందే కలిపి పెట్టుకుంటాను."

వాన పెంకుల మీద గట్టిగా మోగుతోంది. తనకెందుకు చెప్పలేదని ఆమె అడిగింది. నిరుడు ఒకసారి గురక పెడుతున్నావన్నందుకే ఒక వారం అన్నం గిన్నెలు టేబులు మీద ఠంగుమన్నాయని, డాక్టరు మాటెత్తితే నేనేమన్నా ముసలిదాన్నా అని లేచివెళ్లిందని ఆయన నెమ్మదిగా గుర్తుచేశారు. "మంగళవారం ఆస్పత్రిలో నీకోసం తారీకు తీసుకున్నాను. గుడికని సెప్పి బయల్దేరదీద్దామనుకున్నాను." తల దించుకుని అన్నారు, "మీ అక్క దగ్గర జాడీ నేదు రాణీ."

విజయరాణి లోపలికి వెళ్లి, పెట్టె మూసి, బీరువా మీదికి ఎక్కించింది. మంగళవారం గుడికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి పరీక్షించిన డాక్టరు, ఇంతకాలం ఈవిడను పక్కనుంచి లేపుతూ వచ్చినది ఎవరని అడిగాడు. జగదీష్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ముక్కుకు తగిలించుకుని పడుకునే గాలి యంత్రం ఒకటి ఇంటికి వచ్చింది. దానితో ఆమె పడుకున్న తొలి మధ్యాహ్నం జాడీ ఒక్కసారైనా ఆగలేదు. ఆయన కుర్చీలోనే నిద్రపోయారు.

ఆ వారాంతం బీరు సీసాల్లోకి దిగింది. ఇన్ని వారాల బెల్లం తిన్న సరుకు కదా, అప్పలసామి ఒక్క గ్లాసుకే గోడ పట్టుకుని, "ఇది బీరా, మా అక్క కోపమా?" అన్నాడు. తనకెందుకు కోపమంటూ విజయరాణి అతనికి ఇంకో గ్లాసు పోసింది.

తరువాతి శనివారం జగదీష్ గారు యథాప్రకారం కాచి, చల్లార్చి, ఈస్ట్ పొట్లం విప్పారు. విజయరాణి చీరచెంగు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది. పిల్లులు రాకుండా గుమ్మానికి గొళ్లెం పెట్టింది.

"అడుగున ఏటో మురికి ఉన్నట్టుంది. ఒకసారి వంగి సరిగ్గా చూడండి," అంది.

ఆయన వంగారు. చాలాసేపు వెతికారు. మురికేమీ కనపడలేదు.

మర్నాటికి జాడీ బుడుక్కుమంది. అన్నం తినగానే ఆమె ఆయనను దాని ముందు నిలబెట్టి, ఊపిరి బిగబట్టమంది. ఆయన ఆమె వంక అనుమానంగా చూసి, బిగబట్టారు. జాడీ ఆగింది.

"సరే, వదలండి. ఎళ్లి పడుకోండి," అని, విజయరాణి పేము కుర్చీని దగ్గరకు లాక్కుని, మూత పెట్టిన కోపి కప్పుతో అందులో కూర్చుంది.