కనక పలకని పేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం అది సుక్రు మీదికి మళ్లింది.

సుక్రు పెద్ద వయసువాడు, హుకుంపేట దగ్గర కొండ మీది ఊరు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు నిచ్చెన వేసి, దానికి పాకిన తీగ నుంచి మిరియాలు కోస్తుంటే నిచ్చెన జారింది. ఊరివాళ్లు డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి, ఆటోలో మా దగ్గరికి చేర్చారు. డాక్టర్ సర్వేశ్వరరావు గారు తలకు కుట్లు వేశారు. కళ్లలోకి టార్చి వేసి చూశారు, కాళ్లూ చేతులూ కదిలించమన్నారు. అంతా బాగానే ఉంది. అయినా తలకు తగిలిన దెబ్బ కదా, రేపటి దాకా కనిపెట్టుకుని ఉండాలన్నారు.

"గంటకోసారి లేపి పేరు అడుగుతుండు మెర్లిన్. తప్పు చెప్పినా, లేపితే లేవకపోయినా విశాఖ పంపించేద్దాం."

సరిగ్గా అప్పుడే కాన్పుల గదిలో ఇద్దరికి నొప్పులు మొదలయ్యాయి. ఉన్న నర్సును నేనొక్కదాన్నే. అందుకని సుక్రు భార్య కనకకు అప్పజెప్పాను.

"నిద్రపోతే పోనీ పిన్నీ. నేను కేకేసినప్పుడల్లా లేపి, పేరేంటని అడుగు. తప్పు చెబితే నన్ను పిలువు."

కనక తలూపింది కానీ ముఖంలో భయం పోలేదు. "ఆ పేరు నాను పలకను సిస్టరమ్మా. పెనిమిటి పేరు పలికితే ఆయుస్సు తగ్గిపోద్దని మాయమ్మ సెప్పింది."

"నువ్వు పలకక్కర్లేదు. ఆయన పలుకుతాడు. నువ్వు వింటే చాలు."

మొదటిసారి అడిగిన వెంటనే కనక పరుగెత్తుకొచ్చింది. "బేగి రా సిస్టరమ్మా. సోములు అంతన్నాడు." సోములు ఆవిడ తమ్ముడు. నేను గ్లవ్స్ పీకేసి పరిగెత్తాను. డాక్టరు గారు అంబులెన్సుకు ఫోన్ చేయబోయారు. తీరా చూస్తే సుక్రు దిండులో ముఖం దాచుకుని నవ్వుతున్నాడు.

"నాను ఏ పేరు సెప్పినా, ఇది అసలు పేరు సెప్పలేదు గదమ్మా," అన్నాడు. "మనువాడిన కాడ్నించి ఒక్కసారీ పిలవనేదు. తప్పు సెప్తే ఇయ్యాలైనా పిలుస్తాదేమోనని."

తిట్టాల్సినవన్నీ తిట్టాను. నేనైతే మా ఆయన్ని కెవిన్ అనే పిలుస్తాను, కోపమొస్తే వీధి చివరికి వినపడేలా పిలుస్తాను. ఇంతమాత్రం దానికి ఆసుపత్రిని హడలగొట్టాలా అని నా బాధ.

సాయంత్రానికి ఒక కాన్పు అయింది. బిడ్డను గుడ్డలో చుడుతుంటే వార్డులోంచి కనక గొంతు వినిపించింది.

"ఓయ్. ఇదిగో. నిన్నే."

ముసలాడు మళ్లీ మొదలెట్టాడనుకున్నాను.

"మల్లీ ఆటలేటి? కల్లు తెరు." ఈసారి ఆ గొంతు వణికింది.

అప్పుడు వినిపించింది, గోడలదిరేలా. "సుక్రూ."

నా చేతుల్లో పసిబిడ్డ ఉలిక్కిపడింది. బిడ్డను ఆయా సరళకు అందించి పరిగెత్తాను. కనక అతని భుజాలు రెండూ పట్టుకుని ఊపేస్తోంది. సుక్రూ, సుక్రూ, సుక్రూ. ఇన్నేళ్లుగా దాచుకున్న పేరు ఇక ఆగడం లేదు. ఇది ఆట కాదు, ఆటైతే ఈపాటికి లేచేవాడు.

మంచం దగ్గరికి చేరేసరికి అతని రెప్పలు కదిలాయి. నెమ్మదిగా కళ్లు తెరిచి భార్య వైపు చూశాడు.

"మాయమ్మ పోయినాక ఇలాగ ఎవులూ పిలవనేదు," అన్నాడు.

టార్చి వేశాను. రెండు కంటిపాపలూ సమంగానే ఉన్నాయి. నా చెయ్యి గట్టిగానే నొక్కాడు. పేరడిగితే నవ్వకుండా, బుద్ధిగా చెప్పాడు. డాక్టరు గారు వచ్చి తలనుంచి కాళ్లదాకా మళ్లీ పరీక్ష చేసి, అలసటకు ఒళ్లెరగని నిద్ర పట్టిందంతే అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కనక మాత్రం మంచం పక్కన నేల మీద కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుంది.

"బాగున్నాడు కదా పిన్నీ, ఇంకేంటి?"

"పలికేసినాను గదా. ఒక్కసారా? ఎన్నిసార్లు పలికేసినానో."

"నువ్వు పిలిస్తేనే వొచ్చినాను గదే," అన్నాడు సుక్రు. "తగ్గితే తగ్గనీ."

ఆవిడ ఆ మాట చెవిన పెట్టలేదు. లేచి, భర్త చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. "సూడు సిస్టరమ్మా. ఎంత తగ్గినాదో సూడు."

ఇంకో రోజైతే, నాడి పట్టుకుంటే ఆయుష్షు తెలుస్తుందా అని కసిరేదాన్నే. ఆ పూట మాత్రం మణికట్టు పట్టుకుని, గడియారం వంక చూస్తూ, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు నిలబడ్డాను. నా వేళ్ల కింద నాడి నింపాదిగా కొట్టుకుంటోంది.

"తగ్గలేదు పిన్నీ."

"మల్లీ సూడు," అంది.

మళ్లీ చూశాను.