ఏడో అధ్యాయం

ఉదయం పదకొండుంపావుకు ఏడో అధ్యాయం మూడోసారి వెనక్కి వచ్చింది. ఆడియో పుస్తకాల స్టూడియో నుంచి మా ఆయన మెయిల్‌కు రెండు వాక్యాలు: ధ్వని నాణ్యత లేదు. ఈసారీ ఇలాగే ఉంటే వేరే గొంతు చూసుకుంటాం.

చదవడం నా పని. పంపడం ఆయన పని. "ఈ కంప్యూటర్ గొడవలు నీకెందుకు, నేను చూసుకుంటాగా" అని మొదటి రోజే తీసుకున్నారు. మొదటి ఆరు అధ్యాయాలకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తర్వాత, "నీ ఫైళ్లతో నా డిస్కు నిండిపోతోంది, నా సినిమాలెక్కడ పెట్టుకోను?" అని విసుక్కోవడం మొదలైంది.

"నీ గొంతే అంత. మైకేం చేస్తుంది?" అన్నారు ఆయన, ఫోన్ చూస్తూ.

"గోడలకి కథలు చెప్పే బదులు ఆ బట్టలు ఆరేయొచ్చుగా" అన్నారు అత్తయ్య.

ఆరేశాను. ఆరేస్తూ లెక్క చూసుకున్నాను. మైకు కేబుల్ మార్చాను. గోడలకు దుప్పట్లు కట్టాను. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ ప్లగ్ పీకి, పాలు విరిగి, మాటలు పడ్డాను. ఏం మార్చినా జవాబు మారలేదు. నేను ముట్టుకోనిది ఆయన ల్యాప్‌టాప్ ఒక్కటే.

మర్నాడు మళ్లీ చదివాను. రికార్డింగ్ ఆయనకిచ్చాను. ఆయన పంపానన్నాక, రికార్డర్ నుంచి అదే రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కూరగాయలకని చెప్పి స్టూడియోకు వెళ్లాను.

సౌండ్ ఇంజనీరు నాకంటే చిన్నమ్మాయి. రెండు ఫైళ్ల శబ్దాన్నీ తెర మీద బొమ్మలుగా పక్కపక్కన పెట్టింది. పెన్‌డ్రైవ్‌లోది పైదాకా ఉంది. మెయిల్‌లో వచ్చినదాని పైభాగం కత్తెరతో కోసినట్టుంది.

"దీన్ని ఎంపీత్రీగా కుదించేశారక్కా. మేం కుదించని వేవ్ ఫైలే తీసుకుంటాం కాబట్టి మళ్లీ వేవ్‌గా మార్చి పంపారు. సైజు పెరుగుతుంది గానీ పోయిన శబ్దం తిరిగిరాదు."

"నా గొంతు?"

"గొంతుకేమైందక్కా? ఇది తీసుకుంటున్నాం."

ఇకనుంచి మెయిళ్లు నాకే పంపమని నా అడ్రసు రాసిచ్చాను. పాతది తీసేయడానికి ఆ అమ్మాయి పాత మెయిళ్లు తెరిచింది. ఒకచోట ఆగి, తెర నా వైపు తిప్పింది.

మొదటిసారి ఫైలు వెనక్కి పంపిన రోజే వాళ్లు అడిగారు: ఫైలును కుదిస్తున్నారా?

పదినిమిషాల్లో ఆయన జవాబిచ్చారు: లేదండీ. మా ఆవిడ గొంతే అంత.