మొదటి పేజీ ఫోటో

పాదాలు వంకర తిరిగి పుట్టిన పిల్లలకు వైద్యం చేయించే సంస్థ ఒకటి తెనాలిలో ఉంది. బాపట్లలో, రేపల్లెలో వారానికో రోజు శిబిరం పెడుతుంది. దాన్ని నడిపే ఎముకల డాక్టరు బసవేశ్వరరావుగారు ఇరవై రెండేళ్లుగా సంస్థ ప్రచారానికి ఒకే ఫోటో వాడుతున్నారు. అందులో నాలుగేళ్ల పాప నేల మీద కూర్చుని ఏడుస్తూ ఉంటుంది.

సంస్థ పేరు, గుర్తు, వెబ్‌సైట్ కొత్తగా తీర్చిదిద్దే పని డిజైనర్ తనూజకు అప్పగించారు.

"సాయం చేసేవాళ్లకి మనం తెలుసమ్మా. తల్లులకే తెలియట్లేదు. పుట్టిన నెలలోపు తెస్తే చాలామందికి పిండికట్లతోనే సరిపోతుంది. వీళ్లేమో మూడేళ్లకి తెస్తున్నారు" అన్నారాయన.

పొడుగాటి పాత పేరు తీసేసి 'నడక' అని పెట్టడానికి డాక్టరుగారు వెంటనే ఒప్పుకున్నారు. ఫోటో మాత్రం ఉండాలన్నారు. ఆ పాప అనుమతి తీసుకున్నారా అని తనూజ అడిగితే పాత రిజిస్టరు తీసి, పేరాలలో ఒక ఇంటి చిరునామా ఇచ్చారు.

ఆ పాప సునీల. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. మగ్గం దిగి వచ్చి తనూజ ఫోన్లోని ఫోటో చూసింది.

"ఇది నాకు తెలుసక్కా. పదో తరగతిలో ఉండగా రేపల్లె బస్టాండులో చూశాను, గోడకి అంటించి ఉంది. పక్కన నా స్నేహితురాళ్లు. వాళ్లెవరూ గుర్తుపట్టలేదు. నాకే మళ్లీ వాళ్లతో మాట్లాడాలంటే ఏదోలా ఉండేది."

"వద్దని చెప్పలేదా?"

"కాళ్లు బాగుచేసినవాళ్లని ఏమంటామండి?"

తీసేయిస్తానని తనూజ మాటిచ్చింది.

సునీల తల్లి కనకరత్నం ఓ పక్కన నూలు కండెలు చుట్టుకుంటోంది. అప్పటిదాకా నోరు విప్పని మనిషి రాట్నం ఆపి అంది: "దాన్ని నాలుగేళ్లు నేనే దాచానమ్మా. నలుగురి కళ్లల్లో పడుతుందని. ఈ బొమ్మ చూస్తే నాలాంటిది ఇంకా దాస్తది."

సునీల తల్లివైపు చూసింది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

"ఈ మాటే రికార్డు చేసుకోనా పిన్నీ? చదువు రానివాళ్లు వింటారు" అంది తనూజ.

కనకరత్నం చెంగుతో మొహం తుడుచుకుని, సరేనంది. సునీల మళ్లీ మగ్గమెక్కింది. "నా కాళ్లు ఫోటో తీసుకోండక్కా. మొహం వద్దు."

డాక్టరుగారు మొదట నొచ్చుకున్నారు. ఆ ఫోటో చూసే ఇంతమంది సాయం చేశారన్నారు. తనూజ రికార్డు వినిపించింది. రెండోసారి వినిపించమని అడిగి, మర్నాడు ఆయనే పేరాల వెళ్లారు. "అడక్కుండా వాడాను, తప్పేనమ్మా" అన్నారు. సునీల టీ ఇచ్చింది. తాగి లేస్తూ, అలవాటుకొద్దీ మడమ నొప్పి ఉందా అని అడిగారు. చలికాలంలో కొంచెం ఉంటుందండి అంది.

ఇప్పుడు వెబ్‌సైట్ తెరవగానే మగ్గం చెక్కలు తొక్కుతున్న రెండు పాదాలు కనిపిస్తాయి. కింద పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు, దాని పక్కనున్న బొమ్మ నొక్కితే కనకరత్నం గొంతు. పాప ఏదని పాత దాతలు ఇద్దరు అడిగారు. తనూజ ఉన్నదున్నట్టు చెప్పింది.

మూడో వారంలో కొల్లూరు నుంచి రాఘవమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. మనవడు పుట్టి తొమ్మిది రోజులట. డాక్టరుతో కాదు, ఆ మాట్లాడినావిడతో మాట్లాడాలంది. సంస్థవాళ్లు చెబితే తనూజ ఇద్దరినీ ఫోన్లో కలిపింది.

"కోడలు బయటికి రానంటోంది వదినా" అంది రాఘవమ్మ.

"ఫోన్ దానికివ్వండి" అంది కనకరత్నం.

ఆ శుక్రవారం తెనాలిలో ఆ పిల్లాడి పాదాలకు మొదటి పిండికట్టు వేశారు.