నలభై ఒక్క పేర్లు

వనపర్తి కాలేజీలో చరిత్ర చెప్పే శివశంకర్‌ను పిల్లలు చాటుగా ‘మార్మన్ సారు’ అనేవారు. తోటి లెక్చరర్లకు చాటు కూడా అక్కర్లేదు. "పాలమూరు చరిత్ర రాసెటోడు దొరుకుతలేడు గానీ, అమెరికా మార్మన్లకు మాత్రం మన సారు దొరికిండు" అని వెంకటయ్య సారు చాయ్ తాగినప్పుడల్లా ఎత్తిపొడిచేవాడు.

శివశంకర్ నవ్వి ఊరుకునేవాడు. హైదరాబాదులో ఎం.ఏ. చదివే రోజుల్లో రోడ్డు పక్క పాత పుస్తకాల కుప్పలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఆయనకు దొరికింది. నమ్మిన మతం కోసం ఊళ్ళు విడిచి, చేతిబండ్లు లాక్కుంటూ వెయ్యి మైళ్ళకు పైగా నడిచిన మార్మన్లనే అమెరికా క్రైస్తవ శాఖవాళ్ళ చరిత్ర అది. కరువులో మగ్గం విప్పి నెత్తిన పెట్టుకుని రాయచూరు దాకా నడిచిన తన తాత గుర్తొచ్చాడు. ఆ రోజు పట్టుకున్న చరిత్రను ముప్పై ఏళ్ళు వదల్లేదు. మతంలో మాత్రం చేరలేదు. రాసేవాడు గడప బయటే ఉండాలనేవాడు.

వాళ్ళ మీద ఆయన రాస్తున్న పుస్తకానికి ఒక్కటే కొరత: ఆ దారిన నడిచిన ఆడవాళ్ళు రాసుకున్న డైరీలు. గద్వాలలో పుట్టి హైదరాబాదులో మార్మన్ అయిన భానుప్రకాశ్, వరసకు తమ్ముడు, వాటి నకళ్ళు తెప్పిస్తానన్నాడు.

"నాకూ ఒక పని చేసిపెట్టన్నా. మన పెద్దల పేర్లు రాసియ్యి. సుభద్రమ్మ పెద్దమ్మకు అన్నీ యాదికున్నయంట. ఎందుకో చెప్పే అడుగు."

"చెప్తలే" అన్నాడు శివశంకర్.

ఆ పేర్లు ఎందుకో ఆయనకంటే బాగా తెలిసినవాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడింట్లో లేడు. చనిపోయినవాళ్ళ పేరు మీద బతికున్న మనిషి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవడం మార్మన్ల ఆచారం. దాని మీద ఆయన ఒక అధ్యాయమే రాశాడు.

గద్వాలలో పెద్దమ్మ కండెలు చుడుతూనే ఏడు తరాల పేర్లు చెప్పింది.

"గివన్నీ ఎందుకురా శంకరూ?"

"చరిత్ర కోసం పెద్దమ్మా."

ఆమె మురిసిపోయింది. పదేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయిన కూతురు పేరు కూడా చెప్పింది. "రాధమ్మ. రాసుకో బిడ్డా. నేను పోతే దాన్ని యాది చేసెటోళ్ళు లేరు."

పేర్లు భానుప్రకాశ్‌కు చేరాయి, డైరీలు వచ్చాయి. మరుసటి ఏడు, 2006లో, పెద్దల అమావాస్య అయిన పెత్రమాసకు వారం ముందు భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. "అయిపోయిందన్నా. విదేశంల ఉన్న మా గుడిలో, నలభై ఒక్కమంది పేర్ల మీద. పెద్దమ్మకు చెప్పు, సంతోషపడతది."

ఆ వారం పుస్తకం ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు. పెత్రమాస నాడు పెద్దమ్మ అయ్యగారి ముందు ఆ పేర్లే చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తుంది. ఏటా పక్కన కూర్చునేది తనే. చెప్పకుండా ఎట్లా కూర్చోవడం?

పెత్రమాస పొద్దున్నే గద్వాల చేరాడు. పెద్దమ్మ చాటలో కూరగాయలు సర్దుతోంది.

"నిలబడ్డవేందిరా, కూసో."

కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా రాధమ్మ పేరు మీద ఎవరో మునిగిండ్రా?"

"ఎవరో ఆడపిల్ల ఉంటది పెద్దమ్మా."

"అయితే అది కిరస్తానమైందా?"

"గట్ల కాదు. పోయినోళ్ళకు ఇష్టమైతేనే తీసుకుంటరని వాళ్ళ నమ్మకం. వద్దంటే లేదు. బలవంతమేం లేదు."

సుభద్రమ్మ చేతిలోని బీరకాయను చాటలో పెట్టింది. "పోయినోళ్ళను అడగాల్నని వాళ్ళకున్నది. బతికున్నదాన్ని, నన్నడగాల్నని నీకు లేకపాయె."

శివశంకర్ చెవులు కాలిపోయాయి.

"మీ నాయిన పేరు గూడ ఇచ్చినవా?"

పెద్దమ్మ చెప్పినవి నలభై రెండు. శుభ్రంగా తిరగరాసేటప్పుడు ఆ ఒక్క పేరు దగ్గర ఆయన కలం ఆగింది. దాన్ని దాటి, కింది పేరు రాశాడు.

"లేదు."

"ఎందుకియ్యలే?"

"మనసు రాలే పెద్దమ్మా."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు. ఇంతలో అయ్యగారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. శివశంకర్ చాట ఎత్తబోతే సుభద్రమ్మ తన వైపు లాక్కుంది.

"నేను మోస్త. నువ్వు మీ నాయిన పేరొక్కటి చెప్పుకో. కడమోళ్ళవి నేను చెప్పుకుంట."

అయ్యగారు నీళ్ళు వదిలి, "చెప్పు నాయినా, పేరు?" అన్నాడు. శివశంకర్ పెద్దమ్మ వైపు చూశాడు. అయ్యగారు మళ్ళీ అడిగాడు. ఏటా పేరు తట్టకపోతే పక్క నుంచి అందించే సుభద్రమ్మ, ఈసారి అందించలేదు.